హస్తవాసి – మందులకు లొంగని క్రిముల కథ

కువైట్ చరిత్ర అనగానే మనకు మొదట గుర్తుకు వచ్చేది చమురు. కాని ఈ నేలకు చమురు కంటె ముందే ఆసుపత్రి వచ్చింది. బుర్గాన్ వద్ద చమురు బయటపడినది 1938లో. ఆ చమురు ఓడలకెక్కి విదేశాలకు బయలుదేరినది 1946లో. అమెరికన్ మిషన్ వారి ఆసుపత్రి మాత్రం సముద్రపుటొడ్డున 1914 నాటికే వెలసింది. అంతకు రెండేళ్ళ ముందు, 1912లోనే, డాక్టర్ ఎలియనోర్ కాల్వర్లీ అనే మహిళ ఇక్కడికి వచ్చి స్త్రీలకు వైద్యం చేయసాగారు. పురుషుల ఆసుపత్రిని డాక్టర్ స్టాన్లీ మిల్రీ చాలాకాలం నడిపారు. ఆ పాత కట్టడాలు నేడు అమ్రికానీ సాంస్కృతిక కేంద్రంగా మారాయి. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు ఒకసారి చూపించదగ్గ చోటు అది.

ఇటువంటి ప్రత్యేక సంచికలలో మన కవులను, కళలను, పండుగలను స్మరించుకోవడం ఆనవాయితీ. మేము ఎన్నుకున్న విషయం అంత ఇంపైనది కాదు. ఆసుపత్రులలో యాంటీబయాటిక్ మందులకు లొంగకుండా ఒక రోగి నుంచి మరొక రోగికి వ్యాపించే బాక్టీరియాను గురించి, దానిని అదుపు చేయడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రను గురించి ఇక్కడ ముచ్చటిస్తాము. దీనితో మనకేమి పని అని కొందరు అనుకోవచ్చు. పని ఉంది. ఈ కథలో తెలుగువారు మూడు చోట్ల కనిపిస్తారు: మందు కనిపెట్టిన చోట, మందు తయారయ్యే చోట, రోగి మంచం పక్కన. ఆ మూడింటిలో చివరిదే ముఖ్యమైనదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విషయం ఎంత పెద్దదో తెలియడానికి ఒక్క అంకె చాలు. వివిధ దేశాల లెక్కలను కూడగట్టి 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అంచనా ప్రకారం, 2019వ సంవత్సరం ఒక్కదానిలోనే మందులకు లొంగని బాక్టీరియా కారణంగా ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది మరణించారు.

మదనపల్లెకూ కువైట్‌కూ ఒక చుట్టరికం

కువైట్‌లో ఆసుపత్రి పెట్టిన అరేబియన్ మిషన్‌ను 1894 నుంచి పోషించినది అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి. అదే చర్చికి చెందిన ఆర్కాటు మిషన్ మన మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిని నెలకొల్పింది. ఆ ఊరి దగ్గరే పలు మిషన్‌లు కలిసి 1910 దశకంలో క్షయ రోగులకు ఒక శానిటోరియం కట్టాయి. ఆ చోటికి ఆరోగ్యవరం అన్న పేరు స్థిరపడింది. నేడు కువైట్‌లో ఉన్న తెలుగువారిలో రాయచోటి, రాజంపేట, కడప వైపుల నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారు ఎక్కువ. వారిలో సీమవారి తాతముత్తాతలు వైద్యానికి వెళ్ళిన మదనపల్లె ఆసుపత్రి, కువైట్ వాసులు తొలిసారిగా చూసిన ఆసుపత్రి ఒకే ఇంటి పిల్లలన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఆ రోజులలో బాక్టీరియాను చంపే మందులు దాదాపు లేవు. ఆసుపత్రికి ఉన్న దిక్కల్లా శుభ్రత, గాలి, వెలుతురు, మంచానికీ మంచానికీ ఎడం. శానిటోరియం వైద్యమంటే చాలావరకు అదే. మన పల్లెల్లోనూ ఇటువంటి తెలివి ఒకటి ఉండేది. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. కారణం వేరుగా చెప్పుకున్నా ఫలితం మాత్రం ఒకటే: ఆ మండలు చూసిన పరాయివారు గడప తొక్కేవారు కారు. బయటినుంచి వచ్చినవారు కాళ్ళూ చేతులూ కడుక్కోనిదే వంటింట అడుగుపెట్టకూడదన్న నియమమూ అటువంటిదే. మందులు రాగానే ఈ పాత జాగ్రత్తలు చాదస్తంగా కనబడడం మొదలయింది. కథలో చిక్కు అక్కడే పడింది.

వియన్నాలో తిరగబడిన హస్తవాసి

మంచి వైద్యుని గురించి మనవారు "ఆయన హస్తవాసి గొప్పది" అంటారు. ఆ చేయి తగిలితే రోగం కుదురుతుందని నమ్మకం. ఆ చేయే రోగాన్ని మోసుకుపోతుందని మొదట లెక్కలతో నిరూపించినది ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే హంగేరియన్ వైద్యుడు. వియన్నా జనరల్ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఒకదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుడు పోసేవారు, రెండవదానిలో మంత్రసానులు. డాక్టర్లున్న విభాగంలోనే బాలింత జ్వరంతో ఎక్కువమంది తల్లులు చనిపోయేవారు. విద్యార్థులు శవాలను కోసి పరీక్షించిన చేతులతోనే నేరుగా ప్రసూతి వార్డుకు వస్తున్నారని సెమ్మెల్‌వైస్ గ్రహించారు. 1847 మే నెలలో క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టారు. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు జూన్ నాటికి సుమారు 2 శాతానికి పడిపోయాయి.

అయినా తోటి వైద్యులలో పెక్కుమంది ఆయన మాట చెవిన పెట్టలేదు. పెద్దమనుషుల చేతులు మురికివి కావడమేమిటని కొందరికి కోపం వచ్చింది. సెమ్మెల్‌వైస్ 1865లో, తన మాట నెగ్గడం చూడకుండానే, మానసిక చికిత్సాలయంలో మరణించారు. ఆనాటికి బాక్టీరియాను గురించిన శాస్త్రం ఇంకా కుదురుకోలేదు. అయితేనేమి, చేయి కడిగితే ప్రాణం నిలుస్తుందన్న సత్యం మందుల కంటె దాదాపు వందేళ్ళ ముందే లోకానికి తెలిసింది.

భీమవరం బిడ్డ, బంగారు రంగు మందు

ఇక మందుల యుగం. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చైన్ బృందం దానిని రోగికి ఇవ్వదగిన మందుగా మలచింది. 1941లో తొలి రోగికి ఇచ్చారు. ఆ తరువాతి ఘట్టంలో మన తెలుగువాడు ఉన్నాడు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించారు. అది ఒక అధ్యాపకునికి కంటగింపు కాగా, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తరువాత అమెరికా చేరి, హార్వర్డ్‌లో జీవరసాయన పరిశోధనలతో పేరు గడించి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆయన ఆధ్వర్యంలో పనిచేసిన వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టి నుంచి ఒక సూక్ష్మజీవిని తీసి, దాని నుంచి బంగారు వన్నె మందును రాబట్టారు. అదే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి మూలపురుషుడు. 1948 జులైలో దానిని లోకానికి ప్రకటించారు. కొద్ది వారాలకే, ఆగస్టులో, సుబ్బారావుగారు 53 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. పెన్సిలిన్ పనిచేయని అనేక జబ్బులకు ఆరియోమైసిన్ పనిచేసింది. ఆ మందు వల్ల బ్రతికిన లక్షలమందికి భీమవరం ఎక్కడ ఉందో తెలియదు.

మందు వెనకాలే విరుగుడు

మందు పుట్టిన వేగంతోనే దానికి విరుగుడు పుడుతూ వచ్చింది. పెన్సిలిన్‌ను తొలి రోగికి ఇవ్వకముందే, 1940లోనే, దానిని ధ్వంసం చేసే ఎంజైమును ఒక బాక్టీరియాలో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు అబ్రహాం, చైన్ కనుగొన్నారు. 1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసంలో ఫ్లెమింగ్ స్వయంగా హెచ్చరించారు: చాలీచాలని మోతాదులో పెన్సిలిన్ వాడితే బాక్టీరియా చావదు, దానిని తట్టుకోవడం నేర్చుకుంటుంది అని. హెచ్చరిక నిజం కావడానికి ఎంతోకాలం పట్టలేదు. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ అనే వైద్యురాలు లెక్కలు తీయగా, పుండ్లను చీము పట్టించే స్టెఫిలోకాకస్ బాక్టీరియాలో 1948 నాటికి సగానికి పైగా పెన్సిలిన్‌కు లొంగడం మానేశాయి. టెట్రాసైక్లిన్ మందులకూ 1950 దశకంలోనే ఆ గతి పట్టింది.

అప్పుడు మెథిసిలిన్ అనే కొత్త మందు వచ్చింది. బ్రిటన్‌లో అది వాడుకలోకి వచ్చిన ఏడాది రెండేళ్ళకే, 1961లో, దానికీ లొంగని స్టెఫిలోకాకస్‌ను ప్యాట్రీషియా జెవన్స్ పట్టుకున్నారు. ఎం.ఆర్.ఎస్.ఎ. అని నేడు ప్రపంచమంతా పిలిచే క్రిమి ఇదే. క్షయలోనూ ఇదే పాఠం ఎదురయింది. స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు రోగి మొదట కోలుకునేవాడు. కొన్ని నెలలకు అతని ఒంట్లోని క్రిములు మందుకు అలవాటుపడేవి. రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం అందుకే మొదలయింది.

ఇంతలో జపాన్ శాస్త్రజ్ఞులు 1959లో మరొక వింత బయటపెట్టారు. రక్త విరేచనాలు కలిగించే బాక్టీరియా తన శక్తిని పొరుగునున్న వేరొక జాతి బాక్టీరియాకు అందించగలదట. ఇరుగుపొరుగువారు చేబదులు ఇచ్చుకున్నట్టు, ఒక క్రిమి నేర్చిన విద్య మరొక క్రిమికి క్షణాలలో చేరిపోతుంది. ఒక్కటి కాదు, నాలుగైదు మందులను తట్టుకునే శక్తి ఒకే మూటగా చేతులు మారుతుంది.

ఇదంతా ఆసుపత్రిలోనే ఎందుకు ముదురుతుంది? కారణాలు సులభంగానే బోధపడతాయి. అక్కడ మందుల వాడకం ఎక్కువ. మందుకు లొంగే క్రిములు చచ్చి, లొంగనివి మిగిలి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి. అక్కడి మనుషులు నీరసించి ఉంటారు. కోసిన గాయాలు, సెలైన్ సూదులు, మూత్రపు గొట్టాలు, ఊపిరి గొట్టాలు క్రిములకు ద్వారాలు తెరిచి ఉంచుతాయి. అన్నిటికీ మించి, ఒక మంచం నుంచి ఇంకొక మంచానికి రోజంతా చేతులు తిరుగుతూ ఉంటాయి. కనుక ఇందులో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయని గుర్తించాలి. క్రిమి మందుకు లొంగకుండా పోవడానికి మందుల దుబారా కారణం. ఆ క్రిమి వార్డంతా పాకడానికి చేతులు, పరికరాలు కారణం. మొదటిదానికి పొదుపు, రెండవదానికి శుభ్రత. ఒకటి చేసి రెండవది వదిలేస్తే ఫలితం దక్కదు.

కువైట్ ఆసుపత్రులలో

కువైట్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల చరిత్ర అమీరీ ఆసుపత్రితో ఊపందుకుంది. అది 1949లో తెరిచారు. 1961లో దేశం స్వతంత్రమయింది; మరుసటి ఏడాది సబా ఆసుపత్రి వచ్చింది. 1973లో కువైట్ విశ్వవిద్యాలయంలో వైద్య విభాగం ఏర్పడింది. 1982లో జాబ్రియాలో ముబారక్ అల్ కబీర్ ఆసుపత్రి వచ్చింది. ఒక తరం గడిచేలోగా చిన్న రేవు పట్నం ఆధునిక వైద్యానికి నిలయమయింది. ఇంత వేగంగా కట్టిన ఆసుపత్రులకు డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, వార్డు శుభ్రం చేసేవారు ఎన్నో దేశాల నుంచి వచ్చారు. నర్సులలో భారతీయులు అత్యధికంగా ఉండడం మనమంతా ఎరిగినదే. రోగులూ అన్ని దేశాలవారే. అంటే ఇక్కడి ప్రతి వార్డూ ఒక అంతర్జాతీయ కూడలి. మనుషులు కలిసే చోట క్రిములూ కలుస్తాయి.

ఆ క్రిముల రాకపోకలను ఓపికగా గమనించినవారిలో కువైట్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎడెట్ ఉడో ముఖ్యులు. కువైట్ రాకముందు ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇదే పరిశోధన చేశారు. ఇక్కడి ఆసుపత్రులు తమ రోగులలో కనిపించిన ఎం.ఆర్.ఎస్.ఎ. నమూనాలను వైద్య విభాగంలోని ప్రత్యేక ప్రయోగశాలకు పంపుతూ వచ్చాయి. ఒక ఇంటెన్సివ్ కేర్ వార్డులోని రోగులలో పాకిన ఎం.ఆర్.ఎస్.ఎ. రకాలను పరిశీలించి ఉడో, ఆయన సహచరులు 1996లో ప్రచురించారు. మెథిసిలిన్‌కే కాక, అప్పటికి కొత్తదైన సిప్రోఫ్లాక్సాసిన్‌కు కూడా ఆ క్రిములు లొంగలేదు. 1992 నుంచి 2010 వరకు నమూనాలను పోల్చి చూసిన మరొక అధ్యయనం 2016లో వెలువడింది. మొదట్లో ఆసుపత్రులలో ఎస్.టి.239 అనే ఒకే వంశం పెత్తనం చేసేది. 2010 నాటికి రకరకాల వంశాలు వచ్చి చేరాయి. వాటిలో ఆసుపత్రి బయట, ఇళ్ళలో, వీధులలో తిరిగే రకాలు కూడా ఉన్నాయి. క్రిమి ఆసుపత్రిలో పుట్టి బయటకు పోవడమే కాదు, బయటినుంచి లోపలికీ వస్తుందన్నమాట.

ఆ ఎస్.టి.239 ఒక దేశానిది కాదు. దాని జన్యువులను వరుసగా చదివి 2010లో సైన్స్ పత్రికలో వేసిన పరిశోధన, ఆ వంశం ఖండం నుంచి ఖండానికి ఎలా ప్రయాణించిందో, థాయిలాండ్‌లోని ఒక ఆసుపత్రిలో రోగి నుంచి రోగికి ఎలా పాకిందో చూపించింది. పాస్‌పోర్టు, వీసా లేకుండా తిరిగే ప్రయాణీకుడు అది.

2003లో ఇరాక్ యుద్ధం జరిగినప్పుడు మన పొరుగునే మరొక పాఠం బయటపడింది. ఇరాక్, కువైట్ ప్రాంతాలలో చికిత్స పొందిన అమెరికన్ సైనికుల గాయాలలో ఎసినెటోబాక్టర్ అనే మొండి క్రిమి కనిపించసాగింది. ఎడారి మట్టిలోంచి గాయంలోకి వచ్చి ఉంటుందని మొదట ఊహించారు. తీరా వెతికితే దాని నివాసం యుద్ధభూమిలోని తాత్కాలిక ఆసుపత్రులే. నింద ఎడారి మీద వేశారు. దోషం మంచాల మీద, పరికరాల మీద ఉంది. వెతకకుండా ఊహించడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి తెలుస్తుంది.

ఢిల్లీ పేరు, పటాన్‌చెరు నీరు

న్యూఢిల్లీ ఆసుపత్రిలో చికిత్స పొంది స్వీడన్ తిరిగి వెళ్ళిన ఒక భారత సంతతి రోగిలో 2008లో ఒక బాక్టీరియా దొరికింది. చివరి అస్త్రంగా దాచుకునే కార్బపెనెమ్ మందులను కూడా అది నాశనం చేయగలిగింది. దాని ఎంజైముకు ఎన్.డి.ఎం-1 అని పేరు పెట్టారు. మొదటి రెండు అక్షరాలలో ఉన్నది న్యూఢిల్లీ. 2010లో ఆ విషయం లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ పత్రికలో వచ్చినప్పుడు దేశంలో గొప్ప దుమారం రేగింది. ఒక నగరాన్ని క్రిమికి అంటగట్టడం న్యాయమా అని మనవాళ్ళు బాధపడ్డారు. ఆ బాధ సహజమే. కాని పేరు మీద కోపంతో విషయాన్ని పక్కన పెట్టలేము. కువైట్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి రోగులలో ఎన్.డి.ఎం-1 కనిపించినట్లు ఇక్కడి పరిశోధకులు 2012లో ప్రచురించారు. భారతదేశంలోనే బాధ్యత ఎరిగిన వైద్యులు ముందుకు వచ్చి, అదే 2012లో చెన్నై ప్రకటన పేరుతో జాతీయ ప్రణాళికను కోరారు. 2014 మార్చి 1 నుంచి హెచ్-1 షెడ్యూలు అమలులోకి వచ్చి, కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లు డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని, అమ్మిన లెక్క దుకాణంవారు వ్రాసిపెట్టాలని నిబంధన ఏర్పడింది.

మన ఇంటి సంగతి ఇంకొకటి చెప్పక తప్పదు. హైదరాబాదు మందుల పరిశ్రమ తెలుగువారికి గర్వకారణం. 1960 దశకంలో వచ్చిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారంతో ఆ నగరంలో మందుల తయారీ విద్య నాటుకుంది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఖరీదైన మందులను పేదవారికి అందుబాటులోకి తెచ్చిన ఘనత ఆ పరిశ్రమకు ఉంది. అయితే స్వీడన్ శాస్త్రజ్ఞుడు జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన మనల్ని ఆలోచింపజేస్తుంది. పటాన్‌చెరు దగ్గర దాదాపు 90 మందుల కర్మాగారాల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటకు వస్తున్న నీటిని వారు పరీక్షించారు. ఆ నీటితో ఒక్క రోజులో పోతున్న సిప్రోఫ్లాక్సాసిన్ సుమారు 45 కిలోలని లెక్క తేలింది. స్వీడన్ దేశమంతా అయిదు రోజులలో వాడేటంత మందు అది. మందు మురుగులో కలిస్తే అక్కడి క్రిములకు అది రోజూ జరిగే సాధన. సుబ్బారావుగారి మందు మట్టిలోంచి వచ్చింది. మన మందు తిరిగి మట్టిలోకి పోతోంది. ఈ రెండూ తెలుగువారి చరిత్రలో భాగాలే. మొదటిది చెప్పుకుని రెండవది దాచడం చరిత్ర అనిపించుకోదు.

ఏది పనిచేసింది?

ఇంత విన్న తరువాత నిరాశ కలగవచ్చు. అవసరం లేదు. గెలిచిన ఉదాహరణలు ఉన్నాయి, అవి కొత్త మందుల వల్ల గెలిచినవి కావు.

నెదర్లాండ్స్‌లో విదేశీ ఆసుపత్రి నుంచి వచ్చిన రోగిని, పరీక్షలో క్రిమి లేదని తేలేవరకు వేరు గదిలో ఉంచుతారు. వెతికి పట్టుకుని నిర్మూలించడం వారి విధానం. ఆ దేశంలో ఎం.ఆర్.ఎస్.ఎ. ఏనాడూ పొరుగు దేశాలంతగా వేళ్ళూనలేదు. పెర్త్ నగరంలో 1982లో ఒక ఆసుపత్రిలో ఈ క్రిమి చెలరేగిన తరువాత పశ్చిమ ఆస్ట్రేలియా కూడా బయటి ఆసుపత్రుల నుంచి వచ్చే రోగులను, సిబ్బందిని పరీక్షించే పద్ధతి పెట్టుకుంది. ఇంగ్లండులో రక్తంలో ఎం.ఆర్.ఎస్.ఎ. చేరిన ప్రతి కేసునూ ఆసుపత్రులు తప్పనిసరిగా తెలపాలని 2001లో నిబంధన పెట్టారు. 2008 నాటికి ఆ కేసులను సగానికి తగ్గించాలని 2004లో సంకల్పించారు. అంతకంటె ఎక్కువే తగ్గాయి. దాచకుండా లెక్క చెప్పడమే అక్కడ సగం వైద్యమయింది.

జెనీవాలో డాక్టర్ డిడియే పిట్టే మరొక చిన్న సంగతి గమనించారు. నర్సులకు చేతులు కడగాలన్న బుద్ధి లేక కాదు, సమయం లేక కడగడం లేదు. ప్రతిసారీ సింకు దాకా పోయి సబ్బుతో కడిగి తుడుచుకోవాలంటే పని సాగదు. ఆయన ఆల్కహాలు ద్రవాన్ని ప్రతి మంచం దగ్గరా పెట్టించారు. చేతిశుభ్రత పాటించే సందర్భాలు 1994లో 48 శాతం ఉండగా 1997 నాటికి 66 శాతమయ్యాయి. ఆసుపత్రిలో అంటుకునే జబ్బులు 16.9 శాతం నుంచి 9.9 శాతానికి దిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఆ విధానాన్ని లోకమంతటా ప్రచారం చేయసాగింది. రోగిని తాకే ముందు, సూది గొట్టం వంటి పనికి ముందు, రక్తం మలమూత్రాలు తగిలిన తరువాత, రోగిని తాకిన తరువాత, రోగి పక్కనున్న వస్తువులను తాకిన తరువాత – ఈ అయిదు వేళలు నేడు ఆసుపత్రి గోడల మీద బొమ్మలుగా కనిపిస్తాయి. సెమ్మెల్‌వైస్ మాట నెగ్గడానికి 150 ఏళ్ళు పట్టింది.

2020 ఫిబ్రవరి 24న కువైట్‌లో కోవిడ్ తొలి కేసులు వెల్లడయ్యాక చేతిశుభ్రత మనందరికీ అలవాటయింది. కాని అదే కాలంలో మందుల దుబారా కూడా పెరిగింది. ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులలో యాంటీబయాటిక్ అవసరమైన బాక్టీరియా జబ్బు ఉన్నవారు 8 శాతమే అయినా, సుమారు 75 శాతం మందికి ఆ మందులు ఇచ్చారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమని మన సామెత. ఇక్కడ పిచ్చుక కూడా లేదు. అస్త్రం మాత్రం ఖర్చయింది.

మన వంతు

ఇప్పుడు మన కుటుంబాల సంగతికి వద్దాము. మనం రెండు దేశాల మధ్య తిరిగే జనం. సెలవులకు ఊరికి పోయి వచ్చేటప్పుడు పచ్చళ్ళు, పొడులు, అప్పడాలతోపాటు మందుల మూట కూడా తెచ్చుకోవడం మన ఇళ్ళలో ఆచారమయింది. బీపీ, షుగరు మందులు డాక్టరు చీటీ ప్రకారం తెచ్చుకుంటే మంచిదే. కాని జ్వరం వస్తే వేసుకోవడానికని యాంటీబయాటిక్ అట్ట తెచ్చి బీరువాలో దాచడం, మూడు మాత్రలు మింగి తగ్గగానే మిగిలినవి పక్కింటివారికి ఇవ్వడం క్షేమం కాదు. జలుబుకూ, మామూలు జ్వరాలలో చాలావాటికీ కారణం వైరస్‌లు. వాటి మీద ఈ మందులు పనిచేయవు. ఫ్లెమింగ్ 1945లో హెచ్చరించినది సరిగ్గా ఈ అరకొర వాడకం గురించే.

రెండవది, ఇండియాలో ఆసుపత్రిలో ఉండి వచ్చినవారు ఇక్కడ ఆసుపత్రిలో చేరవలసి వస్తే, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. వేరు గదిలో ఉంచుతారేమో, నామోషీ అని దాచకూడదు. ఆ గది శిక్ష కాదు. మన గుమ్మానికి కట్టిన వేపమండ వంటిది. పక్క మంచం మీద ఉన్న పసిబిడ్డకు అది రక్ష.

మూడవది పరామర్శ. మనవారికీ అరబ్బులకూ ఇందులో పోలిక ఉంది. ఒకరు మంచాన పడితే బంధుమిత్రులంతా కదలివస్తారు. ఆ అభిమానం వదులుకోనక్కరలేదు. కాని పది మందికి బదులు ఇద్దరు వెళ్ళవచ్చు. రోగి మంచం మీద కూర్చోకుండా కుర్చీలో కూర్చోవచ్చు. లోపలికి పోయేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు గోడనున్న సీసాలోని ద్రవంతో చేతులు రుద్దుకోవచ్చు. గొట్టాలను, కట్లను తాకకుండా ఉండవచ్చు. నర్సు చేతులు శుభ్రం చేసుకున్నదా అని మర్యాదగా అడగడానికి రోగికి హక్కు ఉంది. అడిగినందుకు మంచి నర్సు ఎన్నడూ చిన్నబుచ్చుకోదు.

నాలుగవది గౌరవం. మన సభలలో డాక్టర్లకు శాలువాలు కప్పుతాము, బాగానే ఉంది. కాని ఆసుపత్రి నేల తుడిచి, మంచపు కమ్మీలు, తలుపు పిడులు శుభ్రం చేసే కార్మికుడు తన పని ఒక్కరోజు సరిగా చేయకపోతే డాక్టరుగారి విద్య నిష్ఫలమవుతుంది. అటువంటి పనిలో మన జిల్లాలవారు, మన పొరుగు రాష్ట్రాలవారు ఎందరో ఉన్నారు. తక్కువ జీతానికి ఎక్కువ పనిచేసే ఆ చేతుల మీదే ఇంటెన్సివ్ కేర్ వార్డు నిలబడి ఉంది. వారికి చేతి తొడుగులు, తీరిక, తగిన శిక్షణ ఇవ్వడం ఖర్చు కాదు. మందుల ఖర్చులో ఆదా.

ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లలలో రేపటి డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ శాస్త్రజ్ఞులు ఉన్నారు. సుబ్బారావుగారి వంటివాడు మరొకడు మనలోంచి పుట్టాలని మేమూ కోరుకుంటాము. కాని ఆ కొత్త మందు వచ్చేవరకు, వచ్చిన తరువాత కూడా, దానిని కాపాడేది నీళ్ళు, సబ్బు, ఓపిక, దాపరికం లేని లెక్క. వెనకటివారు హస్తవాసి అన్నది ఒక వైద్యుని చేతిలోని మహిమ గురించి. నేటి ఆసుపత్రిలో అది డాక్టరుది ఒక్కరిదే కాదు. నర్సుది, గది ఊడ్చేవారిది, చూడవచ్చిన చుట్టానిది, ఇంట్లో బిడ్డకు మందు పోసే తల్లిది కూడా. ఇందరి హస్తవాసీ బాగున్నప్పుడే మంచం మీద ఉన్న మనిషి క్షేమంగా ఇల్లు చేరుతాడు.